గట్టు మీద గీత

ఆ ఊళ్లో మనుషులు రెండు రకాలని గట్టు పెద్దమ్మ నమ్మకం. నడవడం తెలిసినవాళ్లు ఒక రకం, ఊరికే కాళ్లున్నవాళ్లు ఇంకో రకం. మొదటి రకంలో ప్రస్తుతానికి మిగిలింది ఆమె ఒక్కతే. రెండో రకంలో ఊరంతా ఉంది, కట్టుకున్న మొగుడితో సహా.

ఆమె ఉద్యోగం ఏమిటో చెబితే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు. ఊరికి తాగునీళ్లిచ్చే చెరువు కొండల మధ్య ఉంది. చెరువు పొడుగునా, దాని నెత్తి మీద వంగి చూస్తున్నట్టు ఒక కొండ వెన్ను ఉంది. దాన్నే అందరూ గట్టంటారు. ఆ గట్టు మీద దారి లేదు. దారి పడకుండా చూడటమే ఆమె పని. నీళ్ల ఆఫీసు జీతమిచ్చి ఆమెను పెట్టుకున్నది అందుకే. "లేని దారికి కాపలా ఏమిటి పెద్దమ్మా?" అని ఎవరైనా ఇకిలిస్తే ఆమె దగ్గర ఒకటే జవాబు. "మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా, బురదొస్తోందా? నీళ్లేగా? అయితే నోరు మూసుకుని తాగండి."

గట్టు మీద మట్టి రెండు వేళ్ల మందం. దాని కిందంతా గులకరాళ్లు. ఒకే చోట పదిసార్లు కాలు పడితే గడ్డి చస్తుంది. గడ్డి చచ్చిన చోట వాననీళ్లు పారతాయి. పారిన చోట గండి పడి మట్టంతా తిన్నగా చెరువులోకి దిగుతుంది. ఇరవై రెండేళ్ల కిందట విహారానికొచ్చిన కాలేజీవాళ్లు చీమల బారులా ఒకరి వెనక ఒకరు నడిచి, ఒక్క వానాకాలంలో ఆ ఘనకార్యం చేసి చూపించారు. రెండు నెలలు ఊళ్లో కుళాయిలన్నీ ఎర్రగా కారాయి. ఆ రోజుల్లో తెల్లచొక్కాలు తొడుక్కున్నవాళ్లకి ఇప్పటికీ గుర్తే.

ఆమెకు ముందు ఆ పని చేసిన ముసలాయన అప్పగింతలప్పుడు చెప్పింది ఒక్క ముక్క. "వెళ్లిన చోట వెళ్లకు, వచ్చిన చోట రాకు." ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె ఆ ముక్క పట్టుకునే బతికింది. వారానికి రెండుసార్లు, పంపుల షెడ్డు పక్కనుంచి ఎక్కి, చెరువుని ఎడమ చేతి వైపు ఉంచుకుని గట్టు చివరిదాకా నడిచి, అవతలి వైపు దిగుతుంది. ఇవాళ పైనుంచి వెళితే ఎల్లుండి కిందినుంచి. ఎక్కడైనా గడ్డి ఒకే వైపు వాలి కనిపిస్తే కర్రతో లేపి, అడ్డంగా నాలుగు రాళ్లు పేర్చి, సంచిలోంచి గుప్పెడు గడ్డిగింజలు చల్లుతుంది. షికారు రాయుళ్లు గుర్తుగా ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రాళ్లను కాలితో తన్ని పడేస్తుంది. "ఇంట్లో తిన్న కంచం తియ్యనివాళ్లు కొండెక్కి రాళ్లు సర్దుతారు" అనేది. వెళ్లిన ప్రతిసారీ చిన్న నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాసేది. పుస్తకం నిండగానే అటక మీదికి విసిరేసేది. రాసింది మళ్లీ చదివే అలవాటు లేదు. తను రాసినదాంట్లో తప్పుండదు కదా, ఇక చదవడం దేనికి?

ఆమె మొగుడు చెప్పులు, బూట్లు కుట్టేవాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. నిజానికి నాలుక ఉంది, ఆమె ముందు దాన్ని బయటికి తీసే అవకాశం తక్కువ. సందు మొదట్లో ఆయన కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. గోడకి చెక్క అచ్చులు, బల్ల మీద తోలు పొడిచే ఆరె, మైనం పట్టించిన దారం, ఎప్పుడూ జిగురు వాసన. ఊళ్లో సగం మంది కాళ్లు ఆయన చేతుల మీదుగా పోయినవే. ఎవరి మడమ ఎటు అరుగుతుందో ఆయనకి ఎవరి చేతిరాత ఎలా ఉంటుందో తెలిసినట్టు తెలుసు.

ఇక పెద్దమ్మ కంట్లో నలుసు ఆయన తమ్ముడు, ఊరికి ఉన్న ఒకే ఒక్క పళ్ల డాక్టరు. ఆయనకో నడక సంఘం ఉంది. ఆదివారం ఆదివారం పన్నెండు మంది ఒకే రంగు టోపీలు పెట్టుకుని, మనిషికి రెండేసి కర్రలు పట్టుకుని, వీపున నీళ్ల సంచి, దాన్నుంచి నోట్లోకి గొట్టం పెట్టుకుని గట్టెక్కుతారు. ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన విడివిడిగా నడవాలన్న షరతు మీద ఆఫీసు అనుమతిచ్చింది.

"ఏమిటయ్యా మరిదీ, యుద్ధానికా?" అని పెద్దమ్మ పంపుల షెడ్డు దగ్గర కాపు కాసి మరీ అడిగేది.

"ఆరోగ్యానికి వదినా" అనేవాడాయన నవ్వుతూ.

"ఆరోగ్యం కావాలంటే ఇంట్లో నీళ్లు మొయ్యి. మీ ఆవిడ సంతోషిస్తుంది."

కిందటేడు ఆమె ఎడమ దవడ పన్ను విరిగింది. మరిది ముందు నోరు తెరవాల్సి వస్తుందని ఏడాదిగా కుడి వైపే నమిలి బతుకుతోంది. పంతానికి ఒళ్లు ఇచ్చుకునేవాళ్లని చూశాం గానీ పన్ను ఇచ్చుకున్నది ఈమే.

గొడవ మొదలైంది ఆ మరిది వల్లే. ఆయన ఆస్పత్రి మేడ మీద ఉంది. ఊళ్లో ఇంకెక్కడినుంచీ కనపడనంత బాగా గట్టు ఆ కిటికీలోంచి కనిపిస్తుంది. వాన వెలిసిన మర్నాడు వాలు ఎండలో ఆయన ఎవరి పన్నో పీకుతూ తలెత్తి చూసేసరికి గట్టు మీద, అడ్డంగా లేచిన నల్లరాయి కిందగా, సన్నటి పాలిపోయిన గీత కనిపించింది. ఫోటో తీశాడు. తీసి ఊరుకున్నాడా? అర్జీతో సహా నీళ్ల ఆఫీసులో ఇచ్చాడు. దారి ఎలాగూ పడింది, పడిన దారిని గాలికి వదలకుండా రాతిమెట్లు, పట్టుకోవడానికి కడ్డీ, ఒక బోర్డు పెడితే అందరూ హాయిగా నడుస్తారని దాని సారాంశం.

కబురందగానే పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసుకెళ్లింది. మరిది అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు కళ్లద్దాల పిల్ల, వచ్చి ఏడాది కాలేదు. ఫోటో ఈమె వైపు తిప్పింది. గీత ఉంది. కాదనడానికి లేదు.

"మెట్లు కడితే మట్టి కదలదు పెద్దమ్మా. ఇలా వదిలేస్తే గండి పడుతుంది" అంది ఇంజనీరు.

"మెట్లు కడితే రోజుకి ఐదొందల మంది ఎక్కుతారు. వాళ్లు మెట్ల మీదే ఉంటారా? ఫోటోల కోసం పక్కకి దిగరూ? అప్పుడు ఒక గండి కాదు, వంద."

"మరి ఈ గీత ఎవరు వేసినట్టు?"

"ఇదిగో, ఈయనా, ఈయన టోపీల దండూ! వాళ్లే దారి వేసి, వాళ్లే ఫోటో తీసి, వాళ్లే మెట్లడుగుతున్నారు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటే ఏమో అనుకున్నా."

మరిది చేతులు జోడించాడు. "ఒట్టు వదినా, మేం పైనుంచే వెళ్తాం."

"శుక్రవారం దాకా టైమివ్వండి" అంది పెద్దమ్మ, ఆయన వైపు చూడకుండా. "ఆ దారి వేసిన కాలిని తెచ్చి ఈ టేబుల్ మీద పెడతా. పెట్టలేకపోతే మీ మెట్లు మీరు కట్టుకోండి."

"పెడితే?"

"పెడితే మెట్లూ వద్దు, బోర్డూ వద్దు. ఆ కాలు జన్మలో మళ్లీ గట్టు మీద పడకూడదు. ఇప్పుడే రాసుకోండి. పెన్నుందా, నేనివ్వనా?"

ఇంజనీరు పద్ధతి గల మనిషి. నిజంగానే రాసుకుంది. పెద్దమ్మ కింద సంతకం పెట్టింది.

మర్నాడే గట్టెక్కింది. నల్లరాయి దగ్గరికి చేరి, ముప్పై ఒక్క ఏళ్ల అనుభవాన్నంతా కళ్లలోకి తెచ్చుకుని గీతను చదివింది. నిల్చుని చూస్తే తెలిసేది కాదు, ఒంగి చూస్తే గడ్డి పల్చబడి, మట్టి నునుపు తేలి ఉంది. ఇది పన్నెండు మంది పని కాదు, ఒక్కడిదే. నల్లరాయి మీదుగా వెళ్లాలంటే రెండు చేతులూ వాడి పాకాలి. వీడెవడో బద్ధకస్తుడు, రాయిని చూసి భయపడి కిందినుంచి తప్పుకుంటున్నాడు. మోకాళ్లలో దమ్ము లేదు. గీత పక్కన చెరువు వైపు కర్ర గుచ్చిన చిల్లులు వరసగా ఉన్నాయి. అంటే కర్ర ఎడమ చేత పట్టాడు. మరిదిది ఎడమచేతి వాటమే! పళ్లు పీకేది ఆ చేత్తోనే. రెండు కర్రలు కదా అంటే, ఒకటి ఇంట్లో పెట్టి దొంగతనంగా వస్తున్నాడన్నమాట. రాయి దాటాక ఒక చప్టా బండ ఉంది. కూర్చుని కూర్చుని దాని మీద నాచు రాలిపోయింది. "నాలుగు అడుగులు వేసి కూలబడతాడు వెధవ" అనుకుంటూ పెద్దమ్మ దాని మీద కూర్చుంది. కూర్చోవడానికి ఎంత బాగుందో! కాళ్లు చాపుకోవడానికి కూడా అడ్డం లేదు. సుఖానికి మరిగిన మనిషని ఇంకోసారి తిట్టుకుంది.

తడి ఆరని మట్టిలో ఒక అడుగు స్పష్టంగా దొరికింది. మొగుడి కొట్లోంచి తెచ్చిన పల్చటి కాగితం పరిచి దాని అంచులు దిద్దింది. మడమ బయటి వైపు నెలవంకలా ఒక అతుకు ఉంది. అది కూడా వేసింది. దొంగ దొరికాడు. అతుకు వేసినవాణ్ణి అడిగితే పేరు కూడా దొరుకుతుంది. ఆ పక్కనే తన కాళ్లు ఉన్న సంగతి ఆమెకు తోచలేదు. గట్టు మీద ఆమె కాలు కాలే కాదు, ఆఫీసు సామాను.

కొట్లో ఆయన ఎవరి బూటుకో దారం లాగుతున్నాడు. కాగితం ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఏమండీ, ఈ అడుగెవరిది? అతుకు మీరు వేసిందేగా?"

ఆయన ఒక్క చూపు చూశాడు. దారం లాగడం ఆపాడు. మళ్లీ లాగాడు. "వదిలెయ్" అన్నాడు.

"వదిలెయ్యడమేమిటి? తమ్ముడని దాస్తున్నారా? నాకు తెలుసులెండి, ఎంతైనా తోడబుట్టినవాడు..."

"వాడిది కాదు."

"మరెవరిది? చెబుతారా, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి కాళ్లు ఎత్తించమంటారా?"

"ఇదిగో" అన్నాడు ఆయన మెల్లగా. "అలా స్టూలు మీద కూర్చో. కాలు ఇటివ్వు."

కొలత తీసుకునేటప్పుడు అందరి కాళ్లూ పెట్టుకున్నట్టే ఆమె కుడి కాలు ఒళ్లో పెట్టుకున్నాడు. ముడి విప్పాడు. బూటు తీసి, వెల్లకిలా తిప్పి చూపించి, కాగితం మీద బోర్లించాడు. నెలవంక మీద నెలవంక కూర్చుంది. గీత దాటి వెంట్రుకంత కూడా బయటికి రాలేదు.

పెద్దమ్మ బూటు ఎత్తి, తనే ఇంకోసారి బోర్లించింది. మళ్లీ అక్కడే కూర్చుంది.

"మూడేళ్లుగా నీ కుడి మడమ బయటి వైపే అరుగుతోంది" అన్నాడు ఆయన. "వాలు మీద ఎప్పుడూ ఒకే పక్కగా నడిస్తేనే అలా అరుగుతుంది. పోయినేడు అతుకు వేశా."

"చెప్పలేదే?"

"చెబితే వినేదానివా?"

ఆమె లేచి, ఒంటికాలి బూటుతోనే అటక కింద కుర్చీ వేసుకుని ఎక్కి, నోటుపుస్తకాలు దింపింది. మూడేళ్ల కిందట తన మోకాలు పట్టేసిన ఏటి పుస్తకం దొరికింది. 'ఈ రోజుకి రాయి కిందినుంచి. మోకాలు.' నాలుగు రోజుల తర్వాత, 'ఈ రోజుకి కిందినుంచి.' ఆ తర్వాతా అదే. పేజీలు తిప్పుతూ పోయింది. వారానికి రెండుసార్లు, మూడేళ్లు, తన చేత్తోనే, 'ఈ రోజుకి', 'ఈ రోజుకి', 'ఈ రోజుకి'. ప్రతిసారీ నిజంగానే ఆ ఒక్క రోజుకే అనుకుంది. అబద్ధం రాయలేదు. చదవలేదు, అంతే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదేనని ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేకపోయింది.

ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఈ సాయంత్రమే బూటుకి కొత్త అడుగు వేసేస్తా. పాతది పొయ్యిలో పడేద్దాం. ఎవరో తెలియలేదని చెప్పు. మెట్లు కడితే కట్టనీ. కడ్డీ కూడా పెడతారట. నీ మోకాలికీ హాయి. ఇంకో పదేళ్లు ఎక్కుతావు."

ఇంత పొడుగు మాట ఆయన పెళ్లయ్యాక ఆడలేదు. పెద్దమ్మ ఒక నిమిషం ఆలోచించింది. నిజం చెప్పాలంటే రెండు నిమిషాలు. కడ్డీ పట్టుకుని, నొప్పి లేకుండా, చెరువుని ఎడమ వైపు ఉంచుకుని, పదేళ్లు. తర్వాత కుళాయి కింద ఎర్రటి నీళ్లు పట్టుకుంటున్న ఊరు గుర్తొచ్చింది.

"సిగ్గుండాలి" అంది. మొగుణ్ణో, తననో ఆయనకి అర్థం కాలేదు. ఆమెకీ కాలేదు.

శుక్రవారం ఆఫీసులో ఇంజనీరు ఉంది, మరిది ఉన్నాడు, ఆయన సంఘంలో ఇద్దరు టోపీలతో సహా ఉన్నారు. పెద్దమ్మ ఒక కాలికి బూటు, ఒక కాలికి ఇంట్లో చెప్పు వేసుకుని లోపలికి వచ్చింది. అర్జీ కాగితాల మీద అడుగు గీసిన కాగితం పరిచి, దాని మీద రెండో బూటు బోర్లించింది.

"తెచ్చాను" అంది.

ఇంజనీరు కాగితాన్నీ బూటునీ చూసింది. తర్వాత ఆమె కాళ్లు చూసింది. "ఇది... మీదే కదా పెద్దమ్మా?"

"ఆఫీసుదనుకున్నా ఇన్నాళ్లూ. నాదేనట."

టోపీల్లో ఒకాయన ముసిముసిగా నవ్వాడు. మరిది నవ్వలేదు. అదే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది.

"నువ్వూ నవ్వు మరిదీ. నిన్ను నలుగురిలో దొంగన్నాను. నవ్వకపోతే నాకింకా మండుతుంది."

"వదినా, మోకాలు నొప్పని చెబితే..."

"చెబితే ఏం చేస్తావు, పీకుతావా?"

అప్పుడు నవ్వాడు. ఇంజనీరు మాత్రం రాసుకున్న కాగితం బయటికి తీసి, ఇబ్బందిగా కళ్లద్దాలు సర్దుకుంది. "ఇందులో జన్మలో అని ఉంది. కోపంలో అన్నారు. కొట్టేద్దామా? ఆర్నెల్లు అని మార్చుకోవచ్చు."

"కొట్టెయ్యడానికి వీల్లేదు. ఆర్నెల్లాగి వెళితే మళ్లీ ఆ రాయి కిందినుంచే వెళ్తా. నాకు తెలుసు ఆ కాలి సంగతి." టేబుల్ మీది బూటుని ఒక పక్కకి జరిపింది. "మెట్లు మాత్రం కట్టొద్దు. ఒక్క కాలు వేసిన దారి, ఆ కాలు ఆగితే పోతుంది."

"మరి గట్టెవరు చూస్తారు?"

పెద్దమ్మ టోపీల వైపు చూసింది. అంతకంటే నాసిరకం సరుకు లోకంలో ఉండదన్నట్టు చూసింది. "పన్నెండు మందున్నారుగా" అంది.

ఆ ఆదివారం పంపుల షెడ్డు దగ్గర నిలబడి వాళ్లకి నడక నేర్పింది. గట్టు మీద కాలు పెట్టలేదు. కిందినుంచే అరిచింది. "పక్కవాడి అడుగులో అడుగెయ్యకు! నీకేం, సొంత కాళ్లు లేవా?" "ఆ గొట్టం నోట్లోంచి తియ్యి, కింద చూడు!" పన్నెండు మందీ తిట్లు తింటూ పైకెళ్లారు. ఆమె వాళ్ల టోపీలు చిన్నవయ్యేదాకా చూసి, కర్రా సంచీ షెడ్డులో మేకుకి తగిలించి ఇంటికొచ్చింది. ఆ రోజు ఏమీ తినలేదు. పన్ను నొప్పన్నది.

పన్ను నొప్పి మంచి సాకయింది. పదిరోజుల్లో మరిది ఆస్పత్రి మెట్లెక్కింది. ఆ కుర్చీలో వెనక్కి వాలితే ఎదురుగా కిటికీ, కిటికీలో గట్టు, గట్టు మీద గీత. మరిది విరిగిన పన్ను పీకాడు. నెల తిరక్కుండా ఇంకో పంటికి వచ్చింది. తర్వాత గార తీయించుకోవడానికి. తర్వాత ఏమీ లేకుండానే ఏదో జివ్వుమంటోందని. అరవై దగ్గరపడ్డ మనిషికి ఊళ్లో ఎవరికీ లేనంత శుభ్రమైన పళ్లు తయారయ్యాయి. మరిదికి సంగతి తెలియక కాదు. కుర్చీని కిటికీ వైపు ఇంకాస్త తిప్పి పెట్టాడు, అంతే.

మొదటి వానాకాలానికి గీత పల్చబడింది. "ఇంకా కనిపిస్తోంది" అనేది ఆమె కుర్చీ దిగుతూ, మందులా చేదుగా. ఎండాకాలంలో మళ్లీ తేలింది. రెండో వానాకాలం వెళ్లాక ఒక పొద్దున, వాలు ఎండ సరిగ్గా పడుతున్న వేళ, నోరు తెరిచి వెనక్కి వాలింది. నల్లరాయి కనిపించింది. దాని కిందంతా పచ్చగా ఉంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. చప్టా బండ ఎక్కడుందో కూడా ఆనవాలు పట్టలేకపోయింది.

ఆమె కోరుకున్నది అదే. ముప్పై ఒక్క ఏళ్లు జీతం తీసుకున్నది అందుకే. అయినా ఒళ్లు మండిపోయింది. ఎండల్లో, గాలుల్లో, నొప్పి కాలు ఈడ్చుకుంటూ అన్నేళ్లు కాపలా కాస్తే, ఆ గడ్డికి రెండంటే రెండు వానలు పట్టాయి ఆమెను తుడిచెయ్యడానికి. విశ్వాసం లేని గడ్డి! దాన్ని నోరారా తిడదామంటే నోట్లో మరిది చెయ్యి, దూది, నీళ్లు లాగే గొట్టం. తిట్టు బయటికి రాలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం వచ్చి చెవుల్లోకి కారాయి.

మరిది చెయ్యి ఆపాడు. కిటికీ వైపు ఒకసారి చూశాడు.

"నొప్పిగా ఉందా వదినా?"

పెద్దమ్మ అవునని తలూపింది.